పసుపు కొమ్మూ పక్కింటి భాషా

పెద్దవాళ్ల మతిమరుపు మాట వస్తే మనవాళ్లు ఛాతీ విరిచి చెప్పే కథలు రెండున్నాయి. పసుపు తినే దేశంలో ఆ జబ్బు తక్కువన్నది ఒకటి. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఆ జబ్బు ఆలస్యంగా వస్తుందన్నది ఇంకొకటి. మొదటిది హర్యానా పల్లెల లెక్కల్లో మొలిచి, అమెరికా ప్రయోగశాలలు తిరిగి, గోలీల సీసాగా మన మెడికల్ షాపుకు చేరింది. రెండోదానికి గట్టి లెక్క దొరికింది హైదరాబాద్ పంజగుట్టలో, నిమ్స్ ఆస్పత్రిలో. ఈ రెండు కథలకూ పొత్తు కుదిరే ఊరు కావాలంటే జగిత్యాల జిల్లా మెట్‌పల్లిని మించింది నాకు తోచలేదు. చుట్టుపక్కల పసుపు చేన్లు. ఊళ్లో తెలుగు, దక్కనీ ఉర్దూ. భీవండి మగ్గాల దగ్గర బతికి వచ్చినవాళ్ల నోట మరాఠీ, దుబాయి క్యాంపుల్లో ఏళ్లు గడిపి వచ్చినవాళ్ల నోట హిందీ, నాలుగు ముక్కల అరబ్బీ.

ఈ కథలు నిజమైతే మెట్‌పల్లి ముసలివాళ్లకు యాది బాధ ఉండకూడదు. ఉంది. అందుకే రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎంత నిజమో, ఆ నిజం ఎవరికి అక్కరకొస్తుందో చూడాలనిపించింది.

పసుపు కథతో మొదలుపెడదాం. వయసులో అదే పెద్దది, డబ్బు కూడా దాని చుట్టే ఎక్కువ తిరుగుతోంది.

ఢిల్లీ పక్కన, హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో 28 పల్లెలు తీసుకుని, 55 ఏళ్లు దాటిన ఐదు వేల పైచిలుకు మందిని ఇల్లిల్లూ తిరిగి పరీక్షించారు. విజయ్ చంద్ర, మేరీ గంగూలీ బృందం 1998లో ఇచ్చిన లెక్క ప్రకారం 65 దాటిన వాళ్లలో డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ఉన్నవాళ్లు నూటికి ఒకటిన్నర మంది కూడా లేరు. 2001లో ఇంకో లెక్క వచ్చింది. అక్కడ ఏడాదికి వెయ్యి మంది పెద్దల్లో డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్ బారిన కొత్తగా పడుతున్నవాళ్లు ఐదుగురి లోపే. అదే పద్ధతిలో పోల్చిన అమెరికాలోని పెన్సిల్వేనియా లోయలో పదిహేడుగురు పైనే. ఇంత తేడా ఎందుకు? పరిశోధకులు జాగ్రత్తగానే మాట్లాడారు. ఆయుర్దాయం తక్కువ కావచ్చు, జబ్బు వచ్చినవాళ్లు తొందరగా పోతుండవచ్చు, మరేవో కారణాలు ఉండవచ్చు అన్నారు. ఎవరి కూరలో ఎంత పసుపు వేశారో ఆ బృందం కొలవలేదు.

పసుపును ఆ లెక్కకు అంటగట్టింది తర్వాతివాళ్లు. 2001లోనే లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకలకు పసుపులోని కర్‌క్యుమిన్ పెడితే మెదడులో చెడు పేరుకోవడం తగ్గింది. ఇండియాలో జబ్బు తక్కువ, ఇండియా పసుపు తింటుంది, ఎలుకకు పసుపు పనిచేసింది. ఈ మూడు ముక్కలు కలిపితే కథ సిద్ధం. 2006లో సింగపూర్‌లో వెయ్యి మంది పెద్దల్ని చూస్తే, కూర పొడి తరచుగా తినేవాళ్లకు మెదడు పరీక్షలో మార్కులు కాస్త ఎక్కువ వచ్చాయి. కథకు ఇంకా బలం దొరికింది.

మనుషులకు ఇచ్చి చూసేసరికి మాట మారింది. 2008లో హాంకాంగ్‌లో 34 మంది రోగులకు ఆరు నెలలు ఇచ్చారు, గుణం కనిపించలేదు. 2012లో ఎలుకల కబురు చెప్పిన అదే లాస్ ఏంజెలెస్ విశ్వవిద్యాలయంలో 36 మంది రోగులకు రోజుకు రెండు నుంచి నాలుగు గ్రాముల కర్‌క్యుమిన్ ఇచ్చారు. అక్కడా గుణం లేదు, రక్తంలోకి ఎక్కిందే అత్యల్పం. మళ్లీ 2018లో అదే చోట గ్యారీ స్మాల్ బృందం జబ్బు లేని 40 మందికి ఒంటికి పట్టేలా తయారుచేసిన కర్‌క్యుమిన్‌ను ఏడాదిన్నర పాటు ఇస్తే జ్ఞాపకం కొంత మెరుగైందని తేలింది. నలభై మందే. అందులో సగం మందికి ఇచ్చింది ఉత్తుత్తి గోలీ. పసుపు సీసా మీది ప్రకటనలన్నీ ఈ ఒక్క అధ్యయనం చుట్టూ ప్రదక్షిణం చేస్తాయి, ముందు రెంటినీ పలకవు. ఇక 2017లో మిన్నెసోటా రసాయన శాస్త్రజ్ఞులు కుండ బద్దలు కొట్టారు. కర్‌క్యుమిన్ పరీక్షనాళికలో చాలా జబ్బులకు పనిచేస్తున్నట్టు దొంగ సంకేతాలిచ్చే పదార్థమనీ, ఒంట్లో నిలకడగా ఉండేది కాదనీ రాశారు.

మెట్‌పల్లి రైతుకు అర్థమయ్యేలా ఒక లెక్క చెప్తాను. పసుపులో కర్‌క్యుమిన్ నూటికి మూడు పాళ్లు అనుకుందాం. 2012లో ఫలితం ఇవ్వని ఆ చిన్న మోతాదు, రెండు గ్రాములు, కావాలన్నా రోజుకు అరవై గ్రాముల పైన పసుపు తినాలి. కూర సంగతి అటుంచండి, పెళ్లికూతురికి నలుగు పెట్టగా మిగిలేంత. మిరియాలు కలిపితే ఒంటికి పడుతుందంటారు. అదీ మన దేశపు పరిశోధనే, 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ కాలేజీలో చేసింది. మిరియాల్లోని పైపరిన్ కలిపితే రక్తంలోకి ఎక్కేది 2000 శాతం పెరిగిందని చూపారు. గొప్పగా వినిపిస్తుంది. కానీ సున్నాకు ఆనుకుని ఉన్నదాన్ని ఇరవై రెట్లు చేసినా మిగిలేది కొంచెమే.

ఈ కథలో నన్ను నొప్పించేది ఇంకోటి. తొమ్మిది నెలలు చేలో ఉండే పంట ఇది. తవ్వాలి, ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి, కాడీ గోళా (కొమ్ములూ దుంపలూ) వేరుచేసి యార్డుకు తోలాలి. ధర కోసం ఈ రైతులు 2019 లోక్‌సభ ఎన్నికల్లో నామినేషన్లు వేస్తే నిజామాబాద్ నియోజకవర్గంలో అభ్యర్థులు 185 మంది అయ్యారు. మెట్‌పల్లి ఓటు పడేది కూడా ఆ నియోజకవర్గంలోనే. వాళ్లు కోరిన పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌కు వచ్చింది. అంతా బాగానే ఉంది. కొమ్ములమ్ముకున్న అవ్వకు అదే పసుపు సారం సీసాలో పదుల రెట్ల ధరకు తిరిగొచ్చి, 'నీ యాదికి మంచిది' అని పలకరిస్తే, ఆ బేరంలో లాభం ఎవరిదో చెప్పనక్కర్లేదు. గోలీకి కీడు లేదా అంటే, ఉంది. 2019లో ఇటలీలో కర్‌క్యుమిన్ గోలీలు మింగినవాళ్లకు కాలేయం వాచిన కేసులు వరుసగా బయటపడి, అక్కడి ప్రభుత్వం హెచ్చరిక జారీ చేసింది. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా దాని జోలికి పోకూడదు. రంగు కోసం పసుపులో లెడ్ క్రోమేట్ కలుపుతున్న సంగతి అదే ఏడు బంగ్లాదేశ్‌లో తేలింది. సీసం మెదడుకు విషం. మెదడు కోసమని కొన్న పొడిలో మెదడును తినే రంగు ఉంటే అంతకన్నా అన్యాయం ఏముంది! ఇంటి కొమ్ములు ఇంట్లోనే పట్టించుకునే మెట్‌పల్లి ఇంటికి ఆ భయం లేదు. ఆ విషయంలో మాత్రం వాళ్లు అదృష్టవంతులు.

ఇప్పుడు రెండో కథ.

2013 నవంబరులో 'న్యూరాలజీ' పత్రికలో సువర్ణ అల్లాడి బృందం వ్యాసం వచ్చింది. 2006 నుంచి 2012 దాకా నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు తీశారు. అందులో 391 మందికి ఒకటి కన్నా ఎక్కువ భాషలు వచ్చు. ఒకే భాష మాట్లాడేవాళ్లలో జబ్బు మొదలైన సగటు వయసు 61 ఏళ్లకు కాస్త పైన. రెండు భాషలవాళ్లలో అరవై ఐదున్నర. నాలుగున్నరేళ్ల తేడా. చదువు, వృత్తి, ఆడామగా, పల్లె పట్నం తేడాలు లెక్కలోంచి తీసేసినా ఆ అంతరం నిలిచింది. బడి మెట్టు ఎక్కనివాళ్లలోనూ కనిపించింది. రెండుకు మించి మూడో నాలుగో భాషలు వచ్చినంత మాత్రాన అదనపు లాభం కనిపించలేదు.

ఇది ఎందుకు పెద్ద సంగతో తెలియాలంటే దీన్ని టొరంటో పక్కన పెట్టాలి. 2007లో కెనడాలో ఎలెన్ బియలిస్టాక్ బృందం 184 మందిని చూసి నాలుగేళ్ల తేడా చెప్పింది. కానీ అక్కడ రెండు భాషలవాళ్లలో ఎక్కువ మంది వలసవచ్చినవాళ్లు. దేశం దాటి రాగలిగిన మనిషి మామూలుగానే గట్టివాడై ఉండవచ్చు కదా అని విమర్శకులు పట్టుకున్నారు. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇక్కడ ఉర్దూ, తెలుగు కలిసి పెరిగినవి. రెండో భాష నేర్చుకోవడానికి ఎవరూ ఓడ ఎక్కలేదు, కోర్సు కట్టలేదు. కూరగాయల బండి దగ్గర నేర్చుకున్నారు. అధ్యయనం కూడా రెండు భాషలంటే చదవడం రాయడం అనలేదు, రోజువారీ జీవితంలో రెంటితో పని నెట్టుకురాగలగడం అంది. ఆ కొలతలో మెట్‌పల్లి కిరాణా కొట్టు యజమాని కూడా పాసవుతాడు. 2016లో అదే బృందం పక్షవాతం వచ్చిన 608 మందిని చూసింది. రెండు భాషలవాళ్లలో నూటికి నలభై మందికి ఆలోచన చెక్కుచెదరకుండా మిగిలింది, ఒకే భాషవాళ్లలో ఇరవై మందికే.

పసుపు కథకు ఎలుకలూ ఊహలూ పునాది అయితే, దీనికి మనుషులే పునాది. మన మనుషులే. అందుకే ఇది నాకు ఎక్కువ నచ్చింది. నచ్చినదాన్ని ఇంకా గట్టిగా గిల్లి చూడాలి.

మొదటి గిల్లుడు: ఇవన్నీ ఆస్పత్రికి వచ్చినవాళ్ల లెక్కలు. మతిమరుపని చెప్పి మెట్‌పల్లి నుంచి రెండు వందల కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి పంజగుట్ట చేరే అవ్వ ఎక్కడుంది? 'ముసలితనం కదా, యాదికుంటలేదు' అని ఇంట్లోనే కూచుంటుంది. వచ్చినవాళ్లను చూసి రానివాళ్ల సంగతి పూర్తిగా చెప్పలేం. రెండోది: జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పింది ఇంటివాళ్లు, వాళ్ల జ్ఞాపకంలోంచి. మూడోది పెద్దది. న్యూయార్క్‌లో స్పానిష్ మాట్లాడే వెయ్యి మంది పైచిలుకు వలసదారులను ఇరవై ఏళ్లకు పైగా వెంబడించి చూసిన అధ్యయనం 2014లో వచ్చింది. రెండో భాష వచ్చినంత మాత్రాన డిమెన్షియా ముప్పు తగ్గలేదని తేల్చింది. వెనక్కి తిరిగి అడిగిన లెక్క ఒకటి చెబితే, ముందుకు వెంబడించిన లెక్క ఇంకోటి చెప్పింది. తగాదా తెగలేదు.

అయినా రెండు కథల మధ్య ఒక తేడా స్పష్టం. పసుపు గోలీ మనిషిని ఒంటరిగా కూచోబెట్టి మింగిస్తుంది. భాష అలా కాదు, ఎదుట ఇంకో మనిషి ఉండాల్సిందే. అది తప్పని తేలినా పోయేదేమీ లేదు, నాలుగు మాటలు మాట్లాడుకున్న లాభం ఎటూ మిగులుతుంది. పసుపు గోలీ తప్పని తేలితే డబ్బు పోతుంది, ఒక్కోసారి కాలేయం కూడా.

కానీ మెట్‌పల్లిలో ఈ రెండో భాష ఎవరి దగ్గరుంది? దుబాయి, మస్కట్ పోయివచ్చిన మగవాళ్ల దగ్గర. భీవండి, షోలాపూర్, బొంబాయి తిరిగిన నేతపనివాళ్ల దగ్గర. ఉర్దూ మీడియంలో చదివిన నిజాం కాలపు తరం దగ్గర ఉండేది, ఆ తరం దాదాపు వెళ్లిపోయింది. ఊళ్లోని ముస్లిం కుటుంబాల్లో మగా ఆడా ఇద్దరికీ ఉంది. ఇంటి అరుగు మీద తునికాకు కత్తిరించి బీడీలు చుడుతూ యాభై ఏళ్లు గడిపిన తెలుగు అవ్వకు చాలాచోట్ల ఒక్క తెలుగే. ఇంట్లో పసుపు ఉడకబెట్టిన చేయి ఆమెదే, రెండో భాష మాత్రం ఊరు దాటిన భర్తది. డిమెన్షియా ఎక్కువున్నది మాత్రం ఆడవాళ్లలో. దేశమంతటా సర్వే చేసి 2023లో ఇచ్చిన లాసీ-డాడ్ అంచనా ప్రకారం 60 దాటిన వాళ్లలో నూటికి 7.4 మందికి, అంటే 88 లక్షల మందికి ఈ జబ్బుంది. మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో, పట్నం కన్నా పల్లెలో, చదివినవాళ్ల కన్నా చదవనివాళ్లలో ఎక్కువ. బల్లభ్‌గఢ్ లెక్కను దీని పక్కన పెట్టండి. పద్ధతులు వేరు, నిజమే. అయినా ఈ మధ్యలో మనదేశంలో ఎవరూ పసుపు తినడం మానేయలేదు.

చదువు మాట వచ్చింది గనక చెప్పాలి. అక్షరాభ్యాసానికి రాష్ట్రం నలుమూలల నుంచి జనం వచ్చే బాసర ఈ ఊరికి పెద్ద దూరం కాదు. మనవడికి అక్కడ పలక పట్టించడానికి బస్సెక్కే అవ్వ తాను మాత్రం పలక పట్టలేదు. ఆమె మెదడు ఎలా ఉందో కొలవడానికి ప్రపంచమంతా వాడే పరీక్ష 1975 నాటి ఫోల్‌స్టీన్ పరీక్ష. వంద నుంచి ఏడేడు తీసేయమంటుంది, ఒక వాక్యం రాయమంటుంది, ఒకదానిమీదొకటి పడ్డ రెండు ఐదు కోణాల బొమ్మలు చూసి గీయమంటుంది. పెన్సిలు పట్టని చేతికి ఆ బొమ్మ రాకపోతే అది మెదడు తప్పా, బడి తప్పా? వెయ్యి బీడీలకు కూలీ ఎంత, ఎన్ని తీసేశారు, ఎంత చేతికి రావాలి అని నోటిలెక్క చెప్పే మనిషి ఈ పరీక్షలో తప్పుతుంది. బల్లభ్‌గఢ్‌లో గంగూలీ బృందం చేసిన గొప్ప పని నా దృష్టిలో ఆ తక్కువ అంకె కనుక్కోవడం కాదు, పరీక్షను మార్చుకోవడం. వాక్యం రాయమనే బదులు 'మీ ఇంటి గురించి ఒక మాట చెప్పు' అన్నారు. కాగితం చదివి కళ్లు మూసుకోమనే బదులు 'నేను చేసినట్టు చెయ్యి' అని కళ్లు మూసి చూపారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తెలుగుతో సహా ఐదు భాషల్లో పరీక్షల సంచీ తయారుచేసింది. చదువు రానివాళ్ల కోసమూ అందులో ఏర్పాటుంది. అది జిల్లా దవాఖానల బల్లల మీదికి రావాలి.

ఇంతసేపూ రెండు కథల్నీ తూచాను. భాష కథే బరువైనదని నా తీర్పు. కానీ రెండూ కలిసి ఒక పని చేస్తున్నాయి: మన దగ్గర పుట్టుకతోనే రక్ష ఉందని చెప్పి జోకొడుతున్నాయి. ఆ జోలపాటలో ఒక చప్పిడి నిజం వినపడకుండా పోతోంది. ఆ నిజం పేరు బీపీ.

లాన్సెట్ పత్రిక కమిషన్ 2024లో పద్నాలుగు కారణాలు పేర్కొంది. జీవితంలో వేర్వేరు దశల్లో వీటిని అదుపు చేయగలిగితే ప్రపంచంలో నూటికి 45 దాకా డిమెన్షియా కేసులను ఆపవచ్చు, లేదా ఆలస్యం చేయవచ్చు అంది. అన్నిటికన్నా పెద్ద వాటాలు వినికిడి లోపానిదీ చెడు కొలెస్ట్రాల్‌దీ, ఒక్కోటి ఏడు. చిన్నప్పటి చదువు లేమి ఐదు, ఒంటరితనం ఐదు. బీపీ, షుగరు, పొగాకు, కదలిక లేకపోవడం, చూపు తగ్గడం ఒక్కోటి రెండేసి. గాలి కాలుష్యం, దిగులు, తలకు దెబ్బలు మూడేసి. ఈ అంకెల్ని మెట్‌పల్లికి యథాతథంగా తెచ్చి అతికించలేం. ఇవి ప్రపంచ సగటులు. బీపీ మందులు లేకుండా తిరిగేవాళ్లు ఎక్కువున్న చోట బీపీ వాటా రెండు దగ్గర ఆగుతుందని నేననుకోను. ఆ జాబితాలో పసుపు లోపమన్న మాట లేదు, భాష లోపమన్న మాటా లేదు.

ఫిన్లాండ్‌లో 2015లో ఫింగర్ అధ్యయనం 60 నుంచి 77 ఏళ్ల మధ్య వయసున్న 1,260 మందికి తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ షుగరు చూసుకోవడం అన్నీ కలిపి రెండేళ్లు చేయించింది. మెదడు పరీక్షలో మార్కులు మామూలు సలహా పొందినవాళ్ల కన్నా నూటికి 25 పాళ్లు ఎక్కువగా మెరుగయ్యాయి. మామూలు సలహా పొందినవాళ్లు కూడా మెరుగయ్యారన్నది పత్రికలు చెప్పని ముక్క. 2025లో అమెరికాలో రెండు వేల పైచిలుకు మందితో చేసిన పాయింటర్ అధ్యయనమూ అదే దారి: గట్టి పర్యవేక్షణ ఉన్నవాళ్లు ఎక్కువ, సొంతంగా చేసుకున్నవాళ్లు కాస్త తక్కువ, ఇద్దరూ బాగుపడ్డారు. చదివితే ముచ్చటేస్తుంది. కానీ జిమ్ము, డైటీషియను, కంప్యూటర్ ఆటలు మెట్‌పల్లి దాకా రావు.

మెట్‌పల్లికి దగ్గరైన అధ్యయనం చైనా పల్లెల్లో జరిగింది. 326 ఊళ్లు, బీపీ ఉన్న దాదాపు 34 వేల మంది. సగం ఊళ్లలో డాక్టర్లు కాని ఊరి ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదిచ్చి, బీపీ గట్టిగా అదుపులో పెట్టే బాధ్యత అప్పగించారు. మందులు చౌకగానో ఉచితంగానో ఇచ్చారు, ఇంట్లో బీపీ చూసుకోవడం నేర్పారు. నాలుగేళ్లకు ఆ ఊళ్లలో డిమెన్షియా నూటికి 15 పాళ్లు తక్కువ. 2025లో 'నేచర్ మెడిసిన్'లో అచ్చయింది. మన ఊళ్లలో ఆశా కార్యకర్త ఉంది, ఏఎన్ఎం ఉంది, పల్లె దవాఖాన ఉంది, నెలనెలా బీపీ షుగరు గోలీలు ఇస్తున్నారు. లేనిదల్లా గోలీ ఇచ్చాక అంకె దిగిందా లేదా అని మళ్లీ చూసే పట్టుదల. గోలీ ఏసుకుంటే సరిపోదు, పై అంకె దిగాలి. 'తల తిరుగుతలేదు, మంచిగనే ఉన్న' అని గోలీ ఆపేసే అలవాటు మనది. తల తిరగకుండానే మెదడులోని సన్న రక్తనాళాలు చెడిపోతుంటాయి.

ఇక చెవి. కంటి వెలుగు పథకం 2018లో ఊరూరా శిబిరాలు పెట్టి అద్దాలిచ్చింది, 2023లో రెండో విడత వచ్చింది. చూపు తగ్గడం ఆ పద్నాలుగింటిలో ఒకటి కనుక అది తెలియకుండానే యాదికి మేలు చేసిన పథకం. చెవికి ఆ స్థాయిలో శిబిరాలు పడలేదు. వినపడని మనిషి జవాబు తప్పు చెబితే మతి పోయిందంటారు. నలుగురిలో కూచోవడం మానేస్తాడు, ఒంటరితనం అనే ఇంకో కారణం కూడా చేరుతుంది. వినికిడి మిషన్ల మీద 2023లో అమెరికాలో 977 మందితో చేసిన ప్రయోగంలో అందరినీ కలిపి చూస్తే తేడా రాలేదు. ముప్పు ముందే ఎక్కువున్నవాళ్లలో మాత్రం మూడేళ్లలో క్షీణత దాదాపు సగం నెమ్మదించింది. పూర్తి గెలుపు కాదు. పసుపు గోలీ కన్నా చాలా నయం.

ఒంటరితనమంటే మెట్‌పల్లిలో ఇల్లు ఖాళీగా ఉండడమని అనుకోవద్దు. ఇంట్లో కోడలుంటుంది, మనవలుంటారు, వీడియో కాల్‌లో కొడుకుంటాడు. 'తిన్నవా అవ్వా' అంటే 'తిన్న బిడ్డా' అనడానికి యాది అక్కర్లేదు. రోజూ పది నిమిషాలు అదే మాట మాట్లాడే కొడుకుకు రెండేళ్ల దాకా ఏమీ తెలియదు. సెలవు మీద ఇంటికొచ్చి, కూరలో ఉప్పు రెండుసార్లు పడ్డప్పుడు, సంత నుంచి వచ్చే తొవ్వ మరిచిపోయినప్పుడు గుండె గుభేలుమంటుంది. పేరు నోటికి రాక కాసేపటికి గుర్తుకొస్తే అది వయసు. తెలిసిన తొవ్వ తప్పితే, పింఛను పైసలు లెక్క తెగకపోతే, నిన్న వచ్చిపోయిన చుట్టం సంగతే యాది లేకపోతే దవాఖానకు పోవాలి. పోయినప్పుడు థైరాయిడ్, బీ12, దిగులు, నిద్ర గోలీలు, చెవి, అన్నీ చూపించాలి. వీటిలో ఏదో ఒకటి మతిమరుపు వేషం వేసుకుని రావచ్చు, అలా వచ్చినదాన్ని నయం చేయవచ్చు. జగిత్యాలలో 2022 నుంచి మెడికల్ కాలేజీ ఉంది, ఈ మాత్రం పరీక్షలకు హైదరాబాద్ పరుగెత్తే రోజులు పోయాయి.

గల్ఫ్‌లో ఉన్న కొడుకులకూ కూతుళ్లకూ నా విన్నపం. ఈసారి ఇంటికి పంపే పెట్టెలో జ్ఞాపకశక్తి గోలీల సీసా పెట్టకండి. చేతికి కట్టే బీపీ మిషను పంపండి, ప్రతి వారం అంకె అడగండి. ఫోనులో 'తిన్నవా' అని ఆపకుండా 'ఇయ్యాల ఎవరొచ్చిండ్రు, ఏం మాట్లాడిండ్రు' అని అడగండి. జవాబులో తేడా కనిపిస్తే వాయిదా వేయకండి. దూరం నుంచి ఏం చేయాలో తోచకపోతే వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే 14567 నంబరుకు ఊళ్లో ఉన్నవాళ్లతో ఫోను చేయించండి, ఉచితం.